పండు చేతిలో పెట్టుకుని ఆగండి

రావులపాలెం చుట్టుపక్కల నుంచి స్పీచ్ థెరపీకి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, "మావాడికి మాటలెప్పుడొస్తాయండీ?" అని. ఆటిజం ఉన్న పిల్లల్లో నేను ముందు చూసేది వేరు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా? ఏదైనా కావాలంటే మన ముఖం వంక చూస్తున్నాడా, చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నాడా? ఇవి కుదిరాకే మాట.

అందుకు బొమ్మల పెట్టెలు కొనక్కర్లేదు. అరటి గెలల మార్కెట్ ఉన్న ఊరు మనది, ఒక చక్కెరకేళి చాలు. తొక్క వలిచి, చిన్న ముక్క తుంచి పెట్టండి. మిగతా పండు చేతిలోనే పెట్టుకుని ఆగండి. "చెప్పు, చెప్పు" అని వెంటపడొద్దు. కాసేపటికి చూపు పండు మీంచి మీ ముఖం మీదకు రావచ్చు, చెయ్యి చాచవచ్చు, "ప" అని చిన్న శబ్దం రావచ్చు. ఏది వచ్చినా "పండు!" అంటూ వెంటనే ఇచ్చెయ్యండి. ఈ ఆగడం నాయనమ్మలకు మహా కష్టం. బిడ్డ అడక్కముందే నోటికందించడం అలవాటైన చేతులవి.

కొందరు పిల్లలు విన్నదే తిరిగి అంటారు. "పండు కావాలా?" అంటే "పండు కావాలా?" అనే జవాబు. అది మొండితనం కాదు, చాలాసార్లు నాకు కావాలని చెప్పడమే. ప్రశ్న మానేసి, వాడు అనాల్సిన మాట మీరే అనండి: "పండు కావాలి." ఏదో ఒకరోజు వాడూ అలాగే అంటే ఇంటిల్లిపాదికీ పండగే.

స్కూల్లో ఇంగ్లీషు కదా, ఇంట్లో తెలుగు మానేయండని ఎవరు చెప్పినా వినకండి. రెండు భాషలు వినడం ఆటిజం పిల్లలకు చేటని పరిశోధనల్లో తేలలేదు. తెలుగు తీసేస్తే అమ్మమ్మా తాతయ్యా వాడితో మాట్లాడేదెలా?

జొన్నాడ వంతెన దాటి రాజమండ్రికి థెరపీకి వెళ్లాలంటే తల్లికి ఒక పూట పని పోతుంది. అంత కష్టపడి వెళ్లి గుమ్మం బయట కూర్చోవద్దు. లోపల కూర్చుని చూడండి, నేర్చుకోండి. వారమంతా వాడితో ఉండేది మీరే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనే పిల్లల ఎదుగుదలను పరీక్షించాలి. "వాళ్ల మామయ్యకూ మాటలు ఆలస్యమే" అనుకుంటూ ఏళ్లు గడిపేయకండి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రికి రిఫర్ చేయమని అంగన్‌వాడీ టీచరునూ ఏఎన్ఎంనూ ఆ వారమే అడగండి.