ఏరడమా, చెరగడమా?

బియ్యంలో రాళ్ళను చేత్తో ఏరతాం, ఊకను చాటతో చెరుగుతాం. బొమ్మ మ్యాట్రిక్స్‌లో విలువలు మార్చే రెండు పద్ధతులనూ నేనిలాగే చూస్తాను. ఒకటి గడి గడికీ వెళ్ళే జంట ఫర్ లూప్. రెండోది మ్యాట్రిక్స్ మొత్తాన్నీ ఒక్క వరుస కోడ్‌లో మార్చేది.

మ్యాట్‌ల్యాబ్ ఇమేజ్ ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లోని కెమెరామ్యాన్ బొమ్మనే తీసుకుందాం. 256 అడ్డు వరుసలు, 256 నిలువు వరుసలు, మొత్తం 65,536 పిక్సెళ్ళు. వెలుగు 60 పెంచాలంటే లూప్‌కి అయిదు వరుసలు పడతాయి, రెండోదానికి ఒక్క కూడిక చాలు. వేగం సంగతి అటుంచినా, ఇక్కడ నా ఓటు ఆ కూడికకే. ఏ పిక్సెల్‌కూ పక్కదానితో పనిలేదన్న సంగతి అందులో కళ్ళకు కడుతుంది. లూప్ మాత్రం పనిలో లేని క్రమాన్ని తెచ్చిపెడుతుంది. అయితే కూడిక రాసేవారికి డేటా టైప్ తెలిసుండాలి. ఎనిమిది బిట్ల విలువల్లో 230కి 60 కలిపితే మ్యాట్‌ల్యాబ్ 255 దగ్గర ఆగుతుంది. నంపై లైబ్రరీలో అదే కూడిక చుట్టు తిరిగి 34 అవుతుంది, తెల్లటి ఆకాశంలో నల్లమచ్చలు పడతాయి.

బొమ్మను మసకబార్చేటప్పుడు లూప్ అసలు ప్రమాదం బయటపడుతుంది. ప్రతి పిక్సెల్‌నూ ఇరుగుపొరుగుల సగటుతో మార్చాలి. అదే మ్యాట్రిక్స్‌లో మార్చుకుంటూ పోతే, ఎడమ పక్కది అప్పటికే మారిపోయి ఉంటుంది. పాత విలువ కావలసిన చోట కొత్తది కలుస్తుంది. విడిగా నకలు ఉంచుకోకపోతే ఫలితం తప్పే.

ఈ తప్పునే ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ 1976లో ప్రచురించిన పద్ధతి పనిముట్టుగా చేసుకుంది. అది చదివిన ప్రతిసారీ నాకు సంబరమే. బూడిద రంగు బొమ్మను తెలుపు నలుపు చుక్కలుగా మార్చాలి. విలువ అంతటా 100 ఉన్న గోడ ఉందనుకోండి. 128 దాటితే తెలుపు, లేకపోతే నలుపు అని ఒక్క వరుసలో రాస్తే గోడంతా నల్లబడుతుంది. వీళ్ళ లూప్ మొదటి పిక్సెల్‌ను నలుపు చేసి, పోయిన 100ను పొరుగువాటికి పంచుతుంది: కుడి పక్కకు పదహారింట ఏడు వంతులు, కింది వరుసలో మూడు, అయిదు, ఒకటి. కుడి పిక్సెల్ 143.75 అయి తెల్లబడుతుంది. అది ఎక్కువ తీసుకున్న వెలుగు తరువాతి దానికి కోతగా వెళుతుంది, మూడోది మళ్ళీ నలుపు. మారిన విలువను పక్కది చూడకపోతే ఈ పద్ధతే లేదు. దీన్ని మామూలు ఒక్క కూడికలోకి కుదించలేం, ఒక్కొక్కటీ ఏరాల్సిందే. ఆ చుక్కల గోడను నాలుగడుగుల దూరం నుంచి చూడండి, బూడిద రంగు మళ్ళీ కనిపిస్తుంది.