రింగు తిప్పే చేతికి రెండు లెన్సులు

ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో తానే వెతికి పట్టుకునే కెమెరాకి, ఫోకస్ మోటారే లేని లెన్సు తగిలించుకోవడం చాదస్తమే అనిపిస్తుంది. అయినా సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల కోసమే అలాంటివి కొత్తగా తయారయ్యాయి. వాటిలో రెండు 35 మి.మీ. లెన్సులు: 2014లో వచ్చిన జైస్ లోక్సియా ఎఫ్/2, 2018లో వచ్చిన ఫోక్ట్‌లెండర్ నోక్టన్ క్లాసిక్ ఎఫ్/1.4. రెండూ పేరుకి జర్మన్, పుట్టుక జపాన్‌లో. లోక్సియా 340 గ్రాములు, నోక్టన్ 262.

నోక్టన్ పోలికలన్నీ 1960ల నాటి లైకా సమ్మిలక్స్ లెన్సువి. అంచుల లోపాలను సరిదిద్దే ఆస్ఫెరికల్ గాజు ఇందులో ఒక్కటీ లేదు, కావాలనే పెట్టలేదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, దీపం పక్కన కూర్చున్న మనిషిని తీస్తే ఒత్తి చుట్టూ పల్చటి వెలుగుపొర కమ్ముతుంది. ముక్కుపుడక మెరుపు చుట్టూ కూడా అంతే. కొందరికది లోపం, కొందరు డబ్బు పెట్టేదే దానికోసం. ఎఫ్/2 దగ్గర లోక్సియా కూడా కాస్త మెత్తనే గానీ, 2.8కి వచ్చేసరికి నిక్కచ్చిగా తేలుతుంది.

ఆ మెత్తదనమే ఫోకస్ చేసేవాళ్లను బోల్తా కొట్టిస్తుంది.

ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసి చూపే పీకింగ్, కాంట్రాస్ట్‌ను బట్టి పనిచేస్తుంది. ఎఫ్/1.4 దగ్గర ఆ వెలుగుపొర కాంట్రాస్ట్‌ను తినేస్తుంది కాబట్టి పీకింగ్‌ను నమ్ముకుంటే కనురెప్ప బదులు చెవి స్పష్టంగా వస్తుంది. మీటరున్నర దూరంలో స్పష్టత దక్కేది సుమారు 15 సెంటీమీటర్ల మందమే మరి. రింగు కదిలించగానే వ్యూఫైండర్‌లో దృశ్యం పెద్దదయ్యే సదుపాయం రెండు లెన్సులకీ ఉంది, దాన్నే వాడుకోవాలి.

ఇంకో చిక్కు. ఇలాంటి లెన్సుల్లో అపర్చర్ మూస్తే ఫోకస్ కాస్త జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆ సంగతి ఫొటో చేతికొచ్చాకే తెలిసేది. మిర్రర్‌లెస్‌లో, తీయబోయే అపర్చర్ దగ్గరే ఫోకస్ చేసుకుంటే ఆ బాధ లేదు. తెరిచి ఫోకస్ చేసి తర్వాత మూసే పాత ఎస్ఎల్ఆర్ అలవాటును మాత్రం మానుకోవాలి.

వీధిలో అసలు వ్యూఫైండర్ జోలికే పోనక్కర్లేదు. ఎఫ్/8 పెట్టి, రింగును 3 మీటర్ల గుర్తు దగ్గర వదిలేస్తే దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టమే. వేగంలో ఏ ఆటోఫోకస్సూ దీనికి సాటి రాదు. ఈ పనిలో రెండింటికీ తేడా దాదాపు లేదు.

వీడియోకి వచ్చేసరికి తేడా తెలిసిపోతుంది. అపర్చర్ రింగు టిక్కుటిక్కుమనకుండా చేయాలంటే లోక్సియాను కెమెరా నుంచి ఊడదీసి, వెనకున్న చిన్న మరను దానితో వచ్చిన పరికరంతో తిప్పాలి. నోక్టన్‌కైతే లెన్సు మీదే ఉన్న చిన్న రింగును నొక్కి తిప్పితే సరి. పెళ్లి పందిట్లో క్షణానికోసారి ఫొటోకీ వీడియోకీ మారేవాళ్లు లోక్సియాతో వేగలేరు.