చదరపు బ్రాకెట్లో మార్టిన్

1588 అక్టోబరులో ఇంగ్లండులో ఓ కరపత్రం వచ్చింది. రచయిత మార్టిన్ మార్‌ప్రిలేట్ అట. ఆ ఇంటిపేరుకే 'బిషప్పుల్ని చెడగొట్టేవాడు' అని అర్థం. అచ్చయింది సముద్రానికి అవతల, యూరప్‌లో, దర్పంగా తిరిగే ఒక పాదిరికి దగ్గర్లో అట. నిజానికి అచ్చయింది లండన్ పక్కనున్న ఈస్ట్ మోల్సీలో. అచ్చు వేసింది రాబర్ట్ వాల్డ్‌గ్రేవ్. 1586 శాసనం ప్రకారం బిషప్పుల అనుమతి లేకుండా పుస్తకం అచ్చు వేయకూడదు. అందుకే ఆ అబద్ధం.

ఇప్పుడు దీన్ని మన వ్యాసంలో సైట్ చెయ్యాలంటే ఏం రాస్తాం?

ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రచురణ స్థలమే వద్దంటుంది. అంటే ఆ అబద్ధపు చిరునామా, దాంతోపాటే అందులోని వెక్కిరింతా ఎగిరిపోతాయి. ఎంఎల్ఏ 1900కి ముందటి పుస్తకాలకి ప్రచురణకర్త బదులు ఊరి పేరు ఇవ్వమంటుంది. కానీ ఏ ఊరు? అచ్చులో ఉన్నదా, అసలుదా? షికాగో కాస్త నయం: మనం ఊహించిన వివరాలని చదరపు బ్రాకెట్లో పెట్టనిస్తుంది. ఇక శీర్షిక సంగతి. ఈ కరపత్రమూ, దీని తర్వాతదీ ఒకేలా మొదలవుతాయి, జాన్ బ్రిడ్జెస్ రాసిన లావుపాటి గ్రంథాన్ని మెచ్చుకుంటున్నట్టు నటిస్తూ. గందరగోళం ఉండకూడదని పండితులు వీటిని 'ఎపిసిల్', 'ఎపిటమీ' అని పొట్టి పేర్లతో పిలుస్తారు. గుర్తుపట్టడం తేలికే, కానీ నవ్వు పోయింది. పొలార్డ్, రెడ్‌గ్రేవ్‌ల పట్టికలోని ఎస్‌టీసీ నంబరు కూడా ఇస్తే ఏ కరపత్రమో కచ్చితంగా తెలుస్తుంది. ఈ స్టైళ్ళేవీ దాన్ని తప్పనిసరి చెయ్యవు.

ఈ స్టైళ్ళన్నీ టైటిల్ పేజీ నిజమే చెబుతుందని నమ్ముతాయి. ఇక్కడ టైటిల్ పేజీ కూడా రచనలో భాగమే. దాన్ని 'సరిచేసి' రాయడమంటే రచనని దిద్దడమే.

రచయిత పేరు దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ముఖ్య రచయిత జాబ్ త్రాక్‌మోర్టన్ అని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం. ఆయన మాత్రం కాదనే అన్నాడు. అనుమానం వెంటాడిన జాన్ పెన్రీని 1593లో వేరే రాతల నేరం మీద ఉరితీశారు. పేరు చోట నేరుగా 'త్రాక్‌మోర్టన్' అని రాసేస్తే, అప్పటి అధికారులు రుజువు చెయ్యలేనిదాన్ని మనం ఒక్క కామాతో తేల్చేసినట్టు. ఉత్త 'మార్‌ప్రిలేట్' అని వదిలేస్తే, ఆ ముసుగు ఎందుకు అవసరమైందో మరిచిపోయినట్టు. నా మటుకు నాకు మార్టిన్ పేరు ముందు, పక్కన బ్రాకెట్లో త్రాక్‌మోర్టన్, చివర ప్రశ్నార్థకం ఉండాలి. ఆ ప్రశ్నార్థకం బద్ధకం కాదు, నిజాయితీ.

అయినా ఒకరు మిగిలిపోతారు. మొదటి కరపత్రం అచ్చయింది ఎలిజబెత్ క్రేన్ ఇంట్లో. అచ్చుయంత్రానికి చోటిచ్చినందుకు ఆవిడ భారీ జరిమానాకి గురైంది. రచయితకి గడి ఉంది, ముద్రాపకుడికి ఉంది, చివరికి మనం చూసిన డేటాబేసుకి కూడా ఉంది. ఇల్లిచ్చిన మనిషికి మాత్రం ఏ స్టైల్లోనూ గడి లేదు. ఆవిడ గురించి రాయాలంటే ఫుట్‌నోట్ చాలదు, వ్యాసంలోకే పిలవాలి.