టెపంతిత్ల కుడ్యచిత్రం: అన్వయ సమస్య

ఉపోద్ఘాతం:
మెక్సికో లోయ ఈశాన్య భాగంలో క్రీస్తుశకారంభం నాటికే మహానగరంగా ఎదిగిన టియోతివాకన్ ఒకప్పుడు సుమారు లక్షమందికి ఆవాసం. క్రీ.శ. 550 ప్రాంతంలో దాని ప్రధాన కట్టడాలు దగ్ధమయ్యాయి. అజ్‌టెక్‌ల రాజధాని టెనోచ్‌తిత్లాన్ వెలసినదని సంప్రదాయం చెప్పే సంవత్సరం 1325. ఈ రెండింటి మధ్య ఏడు శతాబ్దాలకు పైగా ఎడం ఉంది. అయినా నేడు వాడుకలో ఉన్న నగరం పేరు, 'మృతుల వీథి' అన్న పేరు అజ్‌టెక్‌ల నవాత్ల్ భాష నుంచి వచ్చినవే. శిథిలాలను చూసిన వారు పెట్టిన పేర్లతో, ఆ నగరంలో జీవించిన వారి భావాలను చదవడం ఎంతవరకు సమంజసమన్నది ఇక్కడి విచార్యాంశం.

చిత్రం - తొలి వ్యాఖ్య:
సూర్య పిరమిడ్‌కు సమీపంలోని టెపంతిత్ల నివాస సముదాయంలో 1942లో ఒక కుడ్యచిత్రం బయల్పడింది. పైభాగంలో చేతుల నుంచి బిందువులు రాల్చే దైవమూర్తి, వెనుక వృక్షం. కింది భాగంలో నీరు వెలువడే కొండ, సీతాకోకచిలుకలు, ఆడుతూ పాడుతూ ఉన్న చిన్నచిన్న మనుషులు. ఆల్ఫాన్సో కాసో దీనిని వర్షదేవుడు త్లాలోక్ స్వర్గమైన 'త్లాలోకన్'గా గుర్తించాడు. ఆధారం 16వ శతాబ్దంలో సహగూన్ నమోదు చేసిన అజ్‌టెక్ విశ్వాసం: నీట మునిగినవారు, పిడుగుపాటుకు గురైనవారు చేరే నిత్యహరిత లోకమది.

ఆక్షేపణలు:
ఈ వ్యాఖ్య నిరాధారం కాదు. గుండ్రని కళ్ళు, కోరలు గల వర్షదేవతారూపం ఈ నగర కళలో స్పష్టంగా ఉంది. అయితే రూపం కొనసాగినంత మాత్రాన అర్థమూ కొనసాగిందనలేము. 1967లో జార్జ్ కుబ్లర్ లేవనెత్తిన అభ్యంతరం ఇదే. సహగూన్ వర్ణనలో ప్రాధాన్యం పంటల సమృద్ధికి. చిత్రంలో ప్రాధాన్యం ఆటలకు. కర్రలతో బంతిని కొట్టే ఆటగాళ్ళకు ఆ వర్ణన సమాధానం చెప్పదు. తరువాత ఎస్తెర్ పాస్తోరి తదితరులు ఇదే దైవమూర్తిని స్త్రీదేవతగా భావించారు. క్రమంగా అనేక చిత్రాలలోని భిన్న రూపాలు ఒకే 'మహాదేవి'గా మారాయి. 2006లో జోల్టాన్ పౌలిన్యి ఆ ఏకీకరణనే ప్రశ్నించాడు. ఒకే మూర్తి మొదట పురుషుడు, తరువాత స్త్రీ, ఆపై సందేహాస్పదం కావడం అన్వయ పద్ధతిలోని లోపాన్ని సూచిస్తుంది. కాసో బయటి గ్రంథాన్ని చిత్రంపై ఆరోపించాడు. 'మహాదేవి' వాదులు ఒక చిత్రాన్ని ఇతర చిత్రాలపై ఆరోపించారు.

అంతస్సాక్ష్యం:
టెపంతిత్ల గోడలపైనే మరొకచోట అలంకృతులైన పురోహితులు వరుసగా నడుస్తూ చేతుల నుంచి విత్తనాలు వెదజల్లుతారు. దైవమూర్తి చేతుల నుంచి బిందువులు, పురోహితుల చేతుల నుంచి విత్తనాలు: ఈ ముద్రాసామ్యం ఒకే సముదాయంలోని సాక్ష్యం. దైవం చేసే దానాన్ని మానవుడు కర్మగా ఆచరిస్తున్నాడన్న ఊహకు దీనివల్ల బలం చేకూరుతుంది. ఇది దేవత పేరును తేల్చకపోవచ్చు. కానీ చిత్రం ఏ చర్యను గౌరవిస్తున్నదో చెబుతుంది. రెనే మిల్లన్ బృందం 1973లో ప్రకటించిన పటంలో ఇటువంటి నివాస సముదాయాలు దాదాపు 2000 కనిపిస్తాయి. కనుక ఈ చిత్రాలను విడి ఫలకాలుగా గాక, మనుషులు మసలిన ఇంటిలో భాగాలుగా చదవాలి.

ముగింపు:
పరవర్తి సాహిత్యాన్ని పూర్తిగా విడనాడితే ఈ చిత్రాలు మూగవోతాయి. దానినే ప్రమాణంగా స్వీకరిస్తే అవి అజ్‌టెక్‌ల మాటలనే పలుకుతాయి. అంతస్సాక్ష్యం ముందు, ఉపమానం తరువాత అన్న క్రమాన్ని పాటించినప్పుడే విమర్శకుడు ఆ నగరవాసులకు న్యాయం చేయగలడు. తాము జీవించిన నగరానికి వారు పెట్టుకున్న పేరు కూడా నేడు తెలియదు. వారి గోడలనైనా పరుల పేర్లతో కప్పివేయకపోవడం కనీస బాధ్యత.