చప్పట్లు కాదు, చదువరులు కావాలి

మన తండాల, గూడేల పిల్లలు నడిపే వాట్సాప్ గ్రూపుల్లో కొత్త పుస్తకం అట్ట బొమ్మ కనబడగానే అభినందనలు, దండాలు, చప్పట్లు వచ్చి పడతాయి. మర్నాటికి అది కిందికి జారిపోతుంది. లోపల ఏముందని ఎవరూ అడగరు. మనవాళ్ల రాతను మనమే తూచకపోతే, మంచిచెడ్డలు తేల్చే పని మళ్లీ బయటివాళ్లదే అవుతుంది.

ఆ గ్రూపుల్లోనే ఒక చదువరుల కూటమి మొదలుపెట్టాలి. తొలి పుస్తకంగా రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం ‘ఢావ్లో’ తీసుకోవచ్చు. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పురస్కారం వచ్చిందని తలూపడానికి కాదు, మన చెవితో వినడానికి. ఢావ్లో అంటే పుట్టిల్లు విడిచే పెళ్లికూతురి ఏడుపు పాట. ఆ పాట తెలిసిన ముసలమ్మల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. గోర్‌బోలికి సొంత లిపి లేదు. కాబట్టి ఈ చదువు గొంతుతోనే సాగాలి.

పదిహేను రోజులకొక కథ. ఒకరు చదివి వాయిస్ పంపాలి. విన్నవాళ్లు తమ భాషలోనే జవాబు చెప్పాలి. మూడు ప్రశ్నలు చాలు: ఈ మనుషులు మనలాగే మాట్లాడుతున్నారా? తెలుగులోకి వస్తూ ఏది జారిపోయింది? మనలో మనం చేసుకునే అన్యాయం కథలోకి వచ్చిందా?

కోయ, గోండు చదువరులూ ఉండాలి. లంబాడీలకు మామూలుగా తోచినదాన్ని ‘ఇదేమిటి?’ అని అడిగేది వాళ్లే. నచ్చలేదన్న మాటకూ అక్కడ చోటుండాలి. అది వినగలిగిన రోజే మన విమర్శ మొదలైనట్టు.