రాయి కదిపితే తెలుస్తుంది

సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో ఎవరినడిగినా ఒకటే మాట: "మా వాగుకేమండీ, ఎండలు ముదిరేదాకా పారుతూనే ఉంటుంది." నిజమే. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక, ఎడమ కాలవ వెంట కోస్తా నుంచి మనవాళ్ళు వచ్చి, ఈ క్యాంపుల్లో స్థిరపడి, నల్లరేగడిలో వరి మళ్ళు కట్టారు. వానలకు పొంగి, ఆపైన ఇసుక తేలే వాగులు ఇప్పుడు మళ్ళ మురుగుతో నెలల తరబడి నిండుగా ఉంటున్నాయి. ఆ నిండుదనం మీదే నాకు అనుమానం.

నాతో తీసుకెళ్ళేది దోమతెర గుడ్డతో కుట్టిన వల, ఒక తెల్ల బేసిన్. పారే నీటికి అడ్డంగా వల పట్టి, ఎగువన రాళ్ళను కాలితో కదిపితే అడుగున దాగినవి కొట్టుకొచ్చి పడతాయి. బేసిన్‌లో పోస్తే మొదట బురదే. కాసేపటికి ఆకుముక్క అనుకున్నది నడుస్తుంది. తూనీగ పిల్ల! ముఖం కింద మడిచి పెట్టుకున్న పెదవిని చటుక్కున చాచి చేపపిల్లనైనా పట్టేస్తుంది. పొట్టకు రెండు పక్కలా మొప్పలాడిస్తూ మే ఫ్లై పిల్లలు కనిపించాయా, చాలామటుకు ఆ నీటిలో ప్రాణవాయువుకు కొదవ లేదు. దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులే మిగిలితే సంగతి వేరు. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. గాలాడని బురదలోనూ బతికేస్తాయవి.

సీసాలో పట్టి ల్యాబుకు పంపిన నీళ్ళు ఆ పూట సంగతే చెబుతాయి. మొన్న కొట్టిన మందు ఈపాటికి కొట్టుకుపోయి ఉంటుంది. పురుగులు అలా కాదు, వారాల తరబడి అక్కడే కాపురం. ఏ జీవి ఎంత మురికికి ఓర్చుకుంటుందో 1909 నాటికే జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ పట్టిక కట్టారు. ఏటా ఎండే మన వాగులకు అది ఉన్నదున్నట్టు పనికిరాదు, దారి మాత్రం అదే. ఇది ఒక్క ఈ వాగుల గొడవే కాదు. ఈ నీళ్ళు దిగేది తుంగభద్రలోకే; దిగువన రాజోలిబండ ఆనకట్ట నుంచి అలంపూరు వైపు పొలాలకు పోయేదీ ఆ నది నీరే.

వాగు బాగుచేయడమంటే మన దగ్గర జేసీబీ దించడం. జమ్మునూ, సర్కారు తుమ్మనూ పెకలించి, అడుగు గీకి, మలుపులు తీసేసి ఫోటో దిగుతారు. రాళ్ళే లేకపోతే పురుగు దేన్ని పట్టుకుని నిలవాలి? జమ్ము ఎక్కువైతే నీళ్ళు ఎగదన్ని మళ్ళు మునుగుతాయి, తీయొద్దనను. ఈ ఏడు ఒక గట్టు, వచ్చే ఏడు రెండోది తీయండి చాలు. గట్టు వారన గడ్డి వదిలితే మన్నూ యూరియా కొంతైనా అక్కడే ఆగుతాయి.

ఈ మాటంటే ఒక కౌలు రైతు, "గట్టు చివరిదాకా కౌలు కడుతున్నానండీ, గడ్డికెక్కడ వదలను?" అన్నాడు. ఆ నాలుగు సాళ్ళ కౌలు ఎవరు భరించాలో నేను చూసిన ఏ పథకంలోనూ లేదు.