‘అని’, ‘అట’ లోపించిన వాక్యం: బృంద సంభాషణలో ఏఐ భద్రతా సహాయకం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగులు మాట్లాడుకునే చాట్ యాప్‌లోనే ఇప్పుడు ఏఐ భద్రతా సహాయకం కూడా ‘మాట్లాడుతోంది’. దాని వాక్యాన్ని ఏ ప్రమాణంగా స్వీకరించాలన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. తెలుగు వాక్యంలో ‘అని’, ‘అట’ నిర్వహించే పని ఆధారంగా ఆ ప్రశ్నను ఇక్కడ పరిశీలించాను.

కీలకపదాలు: ఆప్తవాక్యం, అనుకృతి, తాత్పర్యం, ప్రాంప్ట్ ఇంజెక్షన్, మైలార్‌దేవ్‌పల్లి.

1. ఉపోద్ఘాతం

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడొకరికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. దాని ఫొటో సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా తిరిగింది. ఆ వైఫల్యానికి ఏఐ కారణం కాదు. అయినా ఆ చీటీ మన చర్చకు పనికివస్తుంది. దాన్ని రాసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. అనుమానం వస్తే అతణ్ణి అడగవచ్చు.

ఆ విమానాశ్రయానికి నగరం వైపున, కాటేదాన్ పారిశ్రామికవాడ చెంతనున్న మైలార్‌దేవ్‌పల్లిలో ఒక చిన్న పరిశ్రమ కార్యాలయాన్ని ఊహిద్దాం. అక్కడ భద్రతా నిపుణుడెవరూ లేరు. యజమాని, లెక్కలు చూసే ఉద్యోగి, గోదాము బాధ్యుడు ఒకే చాట్ బృందంలో ఉన్నారు. వారి సందేశాల మధ్యనే సహాయకం ఇలా రాస్తుంది: “ఈ ఖాతా సురక్షితం. చెల్లింపు కొనసాగించండి.” ఈ మాట ఎవరిది?

2. సంభాషణ రూపం - ప్రయోజనం

ఈ రూపాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. మైక్రోసాఫ్ట్ ‘సెక్యూరిటీ కోపైలట్’ 2024 ఏప్రిల్ 1న అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇటువంటి సాధనాలు లాగ్‌లలోని సాంకేతిక వివరాలను మామూలు వాక్యాలుగా మార్చి చెబుతాయి. సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. నిపుణుడు లేని చోట అంత తక్కువ వ్యవధిలో విషయం అర్థం కావడమే పెద్ద మేలు. మరి ఆ సులభమైన వాక్యం దేన్ని వదిలేస్తోంది?

3. ఆప్తుడు కాని వక్త

న్యాయదర్శనం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ, అది ఆప్తుని మాట అయి ఉండాలంది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పదలచినవాడు ఆప్తుడు. చాట్‌లో సహోద్యోగి మాటను మనం నమ్మేది ఇందుకే. రేపు అతడు మనకు జవాబు చెప్పాలి. సహాయకానికి ఎరుక గానీ, చెప్పాలన్న ఇచ్ఛ గానీ, జవాబుదారీతనం గానీ లేవు. అయినా దాని సందేశం సహోద్యోగి సందేశం పక్కనే, అదే అక్షరాల్లో, అదే మర్యాదతో కనిపిస్తుంది. ఆప్తత్వం లేకుండానే ఆప్తుని స్థానం దానికి దక్కుతోంది.

4. ‘అని’ లోపించినప్పుడు

“‘ఈ ఖాతాను నమ్మండి’ అని ఆ మెయిల్‌లో ఉంది.” ఈ వాక్యంలో ‘అని’ ఒక సరిహద్దు. దానికి ముందున్నది పరాయి మాట. తరువాతది వక్త మాట. ‘అని’ తొలగితే పరాయి మాట వక్త ఆజ్ఞ అయిపోతుంది. 2022 సెప్టెంబరులో సైమన్ విల్లిసన్ ‘ప్రాంప్ట్ ఇంజెక్షన్’ అని పేరుపెట్టిన దాడి సారాంశం ఇదే. యంత్రం చదవవలసిన సమాచారంలో ఆదేశాన్ని దాచిపెడితే, యంత్రం దాన్ని పాటిస్తుంది.

2024 ఆగస్టులో ప్రాంప్ట్‌ఆర్మర్ సంస్థ స్లాక్ ఏఐలో ఇటువంటి లోపాన్ని వెల్లడించింది. బహిరంగ ఛానెల్‌లో పెట్టిన ఒక సందేశం, ప్రైవేటు ఛానెల్‌లోని రహస్యాన్ని ఒక లింకు ద్వారా బయటికి తరలించేలా సహాయకాన్ని మళ్ళించగలదు. 2025 జూన్‌లో వెల్లడైన ‘ఎకోలీక్’ లోపంలో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌ను దారి మళ్ళించడానికి ఒక మెయిల్ చాలు. వాడుకరి దేన్నీ నొక్కనక్కరలేదు. రెండింటినీ ఆయా సంస్థలు సరిదిద్దాయి. కానీ మూలకారణం ఒక్క ఉత్పత్తికి పరిమితం కాదు. భద్రతా సహాయకం పని అనుమానాస్పదమైన మెయిళ్ళను చదవడమే కనుక, దానికి ఈ ముప్పు తప్పించుకోలేనిది.

శాబ్దబోధ పరిభాషలో చెప్పాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉన్న ఏ పదసమూహాన్నయినా యంత్రం వాక్యంగా గ్రహించగలదు. ఎవరి తాత్పర్యం అన్న దగ్గర అది మోసపోతుంది.

5. ‘అట’ - క్రియాంతాల విలువ

తెలుగు క్రియాంతం జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలదు. “కొత్త పరికరం నుంచి లాగిన్ నమోదైంది” అన్నది లాగ్‌లో కనబడినది. “పాస్‌వర్డ్ దొంగిలించి ఉండవచ్చు” అన్నది అనుమానం. “బ్యాంకు ఖాతా మారిందట” అన్నది పరుల మాట. సహాయకం ఇచ్చే సారాంశంలో ఈ మూడూ ‘జరిగింది’ అనే ఒకే రూపానికి కుదించుకుపోతే, లెక్కలు చూసే ఉద్యోగి అనుమానాన్ని ప్రత్యక్షంగా భావించి డబ్బు పంపుతాడు.

ప్రతి వాక్యానికీ ‘అట’ చేర్చడం పరిష్కారం కాదు. వాడుకలో దానికి సందేహం, కొన్నిసార్లు వెటకారం కూడా తోడవుతాయి. అంతటా వాడితే నిజమైన హెచ్చరికనూ ఎవరూ పట్టించుకోరు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘అని’, ‘అట’ వచ్చేది పరాయి మాట ముగిశాకే. ఫోన్ నోటిఫికేషన్ పొడవైన వాక్యం మొదలును చూపి చివరను కత్తిరిస్తుంది. అంటే మూలాన్ని తెలిపే భాగమే ముందుగా పోతుంది.

6. ముగింపు

తెలుగులో పనిచేసే భద్రతా సహాయకం మూలాన్ని వాక్యారంభంలోనే చెప్పాలి: “పంపినవారి మెయిల్ ప్రకారం…”, “లాగ్‌లో…”, “నా అంచనా…”. డబ్బుకూ, అనుమతులకూ సంబంధించిన చోట అది ‘చేయండి’ అనకూడదు. ఎవరిని అడిగి నిర్ధారించుకోవాలో చెప్పాలి. మైలార్‌దేవ్‌పల్లి ఉద్యోగి ఆ మాటతో ఆగి, సరఫరాదారుకు తనకు ముందే తెలిసిన నంబరులో ఫోన్ చేస్తే చాలు. ఈ సాధనాల తెలుగును అనువాద సమస్యగా మాత్రమే చూడడం పొరపాటు. ఎవరి మాటను ఎంత నమ్మాలన్నది మన వ్యాకరణం, మన తర్కం ఏనాటి నుంచో చర్చిస్తున్న విషయం. ఆ చర్చను ఈ రంగంలోకి తీసుకురావలసిన బాధ్యత భాషాపరిశోధకులది.